టగాలోగ్ లెక్కలు: మూడు రకాల అంకెలు, ఒకే ఒక్క సూత్రం

ఫిలిప్పీన్స్‌లో మెడిసిన్ చదివే మన పిల్లలు ఉన్నారు. గల్ఫ్‌లో ఫిలిపినోల పక్క గదిలో ఉంటూ, ఒకే షిఫ్టులో పనిచేసేవాళ్లు ఉన్నారు. ఓడల్లో వాళ్లతో కలిసి తిరిగేవాళ్లూ ఉన్నారు. వీళ్లలో చాలామందికి ఫిలిప్పీన్స్ ముఖ్య భాష టగాలోగ్‌లో పలకరింపులు వచ్చేస్తాయి గానీ అంకెల దగ్గరికి వచ్చేసరికి మాట ఆగిపోతుంది. ఎందుకంటే పుస్తకంలో 20 అంటే 'దలవంపూ' అని ఉంటుంది, బజారులో కూరలమ్మే ఆవిడ 'బేంతే' అంటుంది, మాల్‌లో క్యాషియర్ 'ట్వెంటీ' అంటుంది. ముగ్గురూ చెప్పింది ఒకటే.

టగాలోగ్ మాట్లాడేవాళ్లు రోజూ మూడు రకాల అంకెలు వాడతారు: సొంత అంకెలు, స్పానిష్ అంకెలు, ఇంగ్లీషు అంకెలు. 1565 నుంచి 1898 వరకు స్పెయిన్, ఆ తర్వాత దాదాపు అర్ధ శతాబ్దం అమెరికా ఏలిన దేశం కాబట్టి ఈ కలగలుపు. ఇందులో మనకు వింతేమీ లేదు. "మూడు కేజీలివ్వు, ఎంత? టూ ఫిఫ్టీయా?" అని మనం ఒక్క ఊపిరిలో అనేస్తాం కదా, అదే తంతు. ఎక్కడ ఏది వాడతారో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ముందు నోరు సరిచేసుకోవాలి

ఇంగ్లీషు లిపిలో చూసి చదివితే మనవాళ్లు 'డలవా', 'టట్లో' అంటారు. అది తప్పు. టగాలోగ్‌లో ఉన్నవి మన త, ద లాంటి పళ్ల దగ్గరి శబ్దాలే. ట, డ అక్కర్లేదు. ప, క కూడా ఒత్తు లేకుండా మన ప, క లాగే పలుకుతాయి. ఈ విషయంలో ఇంగ్లీషువాళ్ల కంటే మనకే సులువు.

రెండోది, వర్ణమాలలో నేర్చుకుని మళ్లీ జన్మలో వాడని 'ఙ' ఇక్కడ కావాలి. టగాలోగ్ మాటల చివర ఈ శబ్దం పదేపదే వస్తుంది. 'లిమాఙ్' అన్నప్పుడు చివర 'గ్' వినపడకూడదు. 'గంగ' అనబోయి రెండో 'గ' ముందే ఆగిపోండి, అదే ఙ్.

మూడోది, ఊనిక. కింద ఒకటి నుంచి పది వరకు సొంత అంకెల్లో ఎక్కడ దీర్ఘం రాశానో అక్కడ ఒత్తి పలకాలి.

మొదటి మెట్టు: ఒకటి నుంచి పది

1 ఇసా
2 దలవా
3 తత్లో
4 ఆపత్
5 లిమా
6 ఆనిమ్
7 పితో
8 వలో
9 సియామ్
10 సంపూ

పదిలో చివరి 'పూ'ని సాగదీయకుండా గొంతులో టక్కున ఆపాలి. 'వలో' (8) దగ్గర ఒక జాగ్రత్త: 'వలా' అంటే 'లేదు' అని అర్థం. కొట్లో ఎనిమిది అడగబోయి 'వలా' అంటే అవతలివాళ్లు అయోమయంగా చూస్తారు.

మలేషియాలో ఉన్న తెలుగువాళ్లకు ఈ జాబితాలో పాత చుట్టాలు కనిపిస్తాయి. మలయ్ భాషలోనూ అయిదు 'లిమా'నే. నాలుగు 'ఎంపత్', ఆరు 'ఎనమ్'. రెండూ ఒకే కుటుంబపు భాషలు. ఆ కుటుంబపు మూలభాషలో 'లిమ' అంటే చెయ్యి. అయిదు వేళ్లున్నాయి కాబట్టి అదే అంకె అయింది.

ఈ పదింటిని వరసగా అప్పచెప్పడం వస్తే చాలదు. మెట్లెక్కుతూ లెక్కపెట్టండి, వెనక్కి లెక్కపెట్టండి, నడుమ ఎక్కడైనా ఆగి తర్వాతిది చెప్పండి. వరసలోనే వచ్చి విడిగా రాని అంకె బజారులో పనికిరాదు.

రెండో మెట్టు: అంకెను వస్తువుతో కలపడం

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే, గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. టగాలోగ్‌లో అంకెను వస్తువు పక్కన ఊరికే పెట్టకూడదు, మధ్యలో అతుకు వెయ్యాలి. ఆ అతుకు రెండు రకాలు.

అంకె అచ్చుతో ముగిస్తే చివర 'ఙ్' చేరుతుంది: ఇసాఙ్ లిబ్రో (ఒక పుస్తకం), దలవాఙ్ లిబ్రో, తత్లోఙ్ లిబ్రో, లిమాఙ్ లిబ్రో, సంపూఙ్ లిబ్రో.

అంకె హల్లుతో ముగిస్తే విడిగా 'న' వస్తుంది: ఆపత్ న లిబ్రో, ఆనిమ్ న లిబ్రో, సియామ్ న లిబ్రో.

పదింటిలో హల్లుతో ముగిసేవి మూడే: ఆపత్, ఆనిమ్, సియామ్. అంటే 4, 6, 9. ఈ మూడింటికి 'న', మిగతా అన్నిటికీ 'ఙ్'. ఈ 4, 6, 9 పదుల్లోనూ వందల్లోనూ వేలల్లోనూ మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. ప్రతిచోటా ఇదే కథ.

మనకు ఇక్కడ ఇంకో రెండు ఊరటలు ఉన్నాయి. మొదటిది, అంకె ఉన్నప్పుడు బహువచనం అక్కర్లేదు. 'రెండు పుస్తకాలు' అని మనం తప్పనిసరిగా 'లు' చేరుస్తాం, వాళ్లు 'దలవాఙ్ లిబ్రో' అని ఊరుకుంటారు. బహువచనానికి 'మఙా' అనే మాట వేరే ఉంది గానీ, అంకె ముందు దాన్ని పెడితే అర్థమే మారిపోతుంది: 'మఙా సంపూ' అంటే 'ఓ పది', 'పదీ గిదీ' అన్నట్టు.

రెండోది, మనుషులకు వేరే అంకెలు లేవు. ఇద్దరు, ముగ్గురు, నలుగురు అని మనం పెట్టుకున్న ప్రత్యేక మర్యాద అక్కడ లేదు. దలవాఙ్ కపతిద్ అంటే ఇద్దరు తోబుట్టువులు, దలవాఙ్ మాఙ్గా అంటే రెండు మామిడికాయలు. తెలుగు నేర్చుకునే ఫిలిపినో కష్టం ఎంతో ఇప్పుడు అర్థమవుతుంది.

మూడో మెట్టు: పదకొండు నుంచి తొంభైతొమ్మిది

'లబి' అంటే మిగులు. పదకొండు అంటే 'పది మీద మిగిలింది ఒకటి'. దానికి అతుకు చేరి 'లబిఙ్-' అవుతుంది. తర్వాత వచ్చే అక్షరాన్ని బట్టి ఆ ముక్కు శబ్దం మారుతుంది:

11 లబిఙ్-ఇసా
12 లబిందలవా
13 లబింతత్లో
14 లబిఙ్-ఆపత్
15 లబిన్‌లిమా
16 లబిఙ్-ఆనిమ్
17 లబింపితో
18 లబిఙ్‌వలో
19 లబిన్‌సియామ్

వ్యాకరణ పుస్తకాల్లో దీనికి ఒక పేజీ నియమాలు ఉంటాయి. తెలుగువాళ్లు ఆ పేజీ తిప్పేయొచ్చు. మన సున్నా ఇదే పని చేస్తుంది కదా: 'పంది'లో న్, 'పంపు'లో మ్, 'పంకా'లో ఙ్. 12, 13, 17లను సున్నాతో రాసుకుని మామూలుగా చదివితే ఉచ్చారణ దానంతటదే సరిగ్గా వస్తుంది.

పదుల దగ్గర రెండో మెట్టు సూత్రమే పనిచేస్తుంది. 'పూ' అంటే పది అనుకోండి:

20 దలవంపూ
30 తత్లుంపూ
40 ఆపత్‌నపూ
50 లిమంపూ
60 ఆనిమ్‌నపూ
70 పితుంపూ
80 వలుంపూ
90 సియామ్‌నపూ

40, 60, 90 చూశారా? 'న' మళ్లీ వచ్చింది. మిగతా వాటిలో 'ఙ్' కాస్తా ప ముందు సున్నా అయింది. తత్లో, పితో, వలోల్లోని 'ఓ' ఇక్కడ 'ఉ' అవుతుంది, అంతే.

మధ్య అంకెలకు 'అత్' (మరియు) కుదించి 'త్' చేరుస్తారు: 21 దలవంపూత్ ఇసా, 47 ఆపత్‌నపూత్ పితో, 99 సియామ్‌నపూత్ సియామ్.

నాలుగో మెట్టు: వందలు, వేలు, మన లక్షలు

వంద సందాఆన్, లేదా ఇసాఙ్ దాఆన్. వెయ్యి సన్‌లీబో, లేదా ఇసాఙ్ లీబో. 200 దలవాఙ్ దాఆన్, 500 లిమాఙ్ దాఆన్. 400, 600, 900 ఎలా ఉంటాయో మీరే ఊహించగలరు, ఒక చిన్న మార్పుతో: ఆపత్ న రాఆన్, ఆనిమ్ న రాఆన్, సియామ్ న రాఆన్. 'న' తర్వాత 'ద' కాస్తా 'ర' అయింది. వేలల్లో అదీ లేదు: తత్లోఙ్ లీబో, ఆపత్ న లీబో.

365 మొత్తం చెప్పాలంటే: తత్లోఙ్ దాఆన్ అత్ ఆనిమ్‌నపూత్ లిమా.

మన బుర్ర తిరిగేది లక్ష దగ్గర. అక్కడ లక్షలు, కోట్లు లేవు. లక్ష పెసోలు అంటే సందాఆఙ్ లీబో, అంటే నూరు వేలు. పది లక్షలు ఇసాఙ్ మిల్యోన్. కోటి సంపూఙ్ మిల్యోన్. కాలేజీ ఫీజు మాట్లాడేటప్పుడు, ఇంటి అద్దె అడ్వాన్సు లెక్క చూసేటప్పుడు మనసులో లక్షల్లో లెక్కేసి నోటితో చెప్పడం ప్రమాదం. ఒక సున్నా అటూ ఇటూ అయితే టెన్షన్ మీదే. కాగితం మీద అంకెల్లో రాసి చూపించడం మేలు.

పాత టగాలోగ్‌లో 'లక్సా' అనే మాట ఉంది, అది మన సంస్కృత లక్షే. కానీ అక్కడ దానర్థం పదివేలు. 'యూతా' అని ఇంకోటి ఉంది, అది సంస్కృతంలో పదివేలకు వాడే అయుతం. అక్కడ అది లక్ష. సముద్రం దాటేసరికి రెండూ కుర్చీలు మార్చుకున్నాయి. ఇప్పుడు ఇవి రోజువారీ లెక్కల్లో లేవు, ఎవరితోనూ వాడకండి.

అయిదో మెట్టు: స్పానిష్ అంకెలు, చెవికి ముఖ్యమైనవి

ధర చెప్పేటప్పుడు, టైమ్ చెప్పేటప్పుడు, తేదీ, వయసు చెప్పేటప్పుడు వినపడేవి ఎక్కువగా ఇవే. సొంత అంకెలు మాత్రమే నేర్పి వదిలేసే పాఠాల మీద నాకు నమ్మకం లేదు. మీరు నోటితో చెప్పేది ఏదైనా అర్థం చేసుకుంటారు గానీ, వాళ్లు చెప్పేది మీకు అర్థం కావాలంటే ఇవి తప్పవు.

1 నుంచి 10: ఊనో, దోస్, త్రెస్, క్వాత్రో, సింకో, సాయిస్, స్యెతే, ఓత్సో, న్వేబే, ద్యెస్.

11 నుంచి 15: ఓన్సే, దోసే, త్రేసే, కతోర్సే, కిన్సే. తర్వాత దిసిసాయిస్, దిసిస్యెతే, దిసిఓత్సో, దిసిన్వేబే.

పదులు: బేంతే, త్రెంతా, క్వరెంతా, సింక్వెంతా, సిసెంతా, సితెంతా, ఓత్సెంతా, నోబెంతా.

25 బేంతే సింకో. 30 దాటాక మధ్యలో చిన్న 'య్' వినపడుతుంది: 35 త్రెంతాయ్ సింకో, 47 క్వరెంతాయ్ స్యెతే.

చెవిని మోసం చేసే జంటలు కొన్ని ఉన్నాయి. దోస్ (2), దోసే (12). త్రెస్ (3), త్రేసే (13). అన్నిటికంటే చెడ్డది సిసెంతా (60), సితెంతా (70): గోలగా ఉండే బజారులో ఈ రెండూ ఒకేలా వినపడతాయి. అనుమానం వస్తే 'ఆనిమ్‌నపూ?' అని సొంత అంకెతో తిరిగి అడగండి. రెండు రకాలూ తెలియడం వల్ల లాభం ఇలాంటి చోటే.

వందలకు, వేలకు మాత్రం సొంత మాటలే ఎక్కువగా వినపడతాయి. ఇక ఫోన్ నంబర్లు, సంవత్సరాలు, పైసలతో కూడిన బిల్లులు చాలావరకు ఇంగ్లీషులోనే. వాటికోసం కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు.

ఆరో మెట్టు: టైమ్, తేదీ

మాటల్లో టైమ్ దాదాపు అంతా స్పానిషే. ఒంటిగంటకు మాత్రం 'అలా-ఊనా', మిగతా అన్నిటికీ ముందు 'అలాస్': అలాస్-దోస్, అలాస్-త్రెస్, అలాస్-స్యెతే. అర అంటే 'ఇ మెద్యా': ఏడున్నర అలాస్-స్యెతే ఇ మెద్యా. ఏడుంబావు అలాస్-స్యెతే కిన్సే.

ఏ పూటో చెప్పాలంటే వెనక 'నఙ్' పెట్టి పూట పేరు చెప్తారు: నఙ్ ఉమాగా (ఉదయం), నఙ్ తఙ్హాలీ (మిట్టమధ్యాహ్నం), నఙ్ హాపోన్ (మధ్యాహ్నం దాటాక సాయంత్రం వరకు), నఙ్ గబీ (రాత్రి). 'అనోఙ్ ఓరస్ న?' అంటే టైమెంతయింది అని.

తేదీలకు స్పానిష్ అంకె ముందు 'అ' చేరుతుంది. వాళ్ల స్వాతంత్ర్య దినం జూన్ 12, దాన్ని 'అ-దోసే నఙ్ హున్యో' అంటారు. ఉద్యోగులు చాలామందికి జీతం నెలకు రెండు విడతలుగా, పదిహేనో తేదీకి, నెలాఖరుకి వస్తుంది. అందుకే 'కిన్సేనస్' అన్న మాట ఆఫీసుల్లో తరచూ వినపడుతుంది. ఆ రోజుల్లో ఏటీఎంల దగ్గర క్యూ ఉంటుంది, డబ్బు ముందే తీసుకోవడం తెలివి.

ఏడో మెట్టు: బజారు, జీప్నీ

ఇప్పటివరకు నేర్చుకున్నది వాడే చోటు ఇదే. ముందు ఒక చిన్న మాట: 'పో'. ఇది అచ్చంగా మన 'అండి'. 'తత్లో పో' అంటే 'మూడండి'. అంకె ఒక్కటే అనేస్తే కసురుకున్నట్టు ఉంటుంది, 'పో' చేరిస్తే మర్యాద.

అడగడానికి రెండు ప్రశ్నలు వేరువేరు. ధరకు 'మగ్కానో', సంఖ్యకు 'ఇలాన్'. మన ఎంత, ఎన్ని లాగే.

— మగ్కానో పో ఇతో? (ఇదెంతండి?)
— త్రెంతాయ్ సింకో ఇసాఙ్ కీలో. (కిలో ముప్పై అయిదు.)
— దలవాఙ్ కీలో పో. (రెండు కిలోలండి.)
— సితెంతా. (డెబ్భై.)

అర కిలో కలహాతిఙ్ కీలో. ఒకటిన్నర కిలో ఇసాత్ కలహాతిఙ్ కీలో.

కుప్పలుగా పోసి అమ్మేచోట 'తిగ్-' అనే ముక్క వినపడుతుంది. ఇంగ్లీషులో దీన్ని వివరించడానికి ఒక పేరా కావాలి, తెలుగులో ఒక్క 'ఏసి' చాలు. తిగ్-ఇసా ఒక్కొక్కటి, తిగ్-దలవా రెండేసి, తిగ్-సంపూ పదేసి. ధర చెప్పేటప్పుడు స్పానిష్ అంకె మొదటి అక్షరాన్ని రెండుసార్లు పలుకుతారు: తిగ్-బేబేంతే అంటే ఒక్కోటి ఇరవై. సొంత అంకెలో మొదటి అక్షరం ఇలా రెట్టిస్తే 'మాత్రమే' అన్న అర్థం వస్తుంది: ఇఇసా ఒక్కటే, దదలవా రెండే.

జీప్నీ అంటే అక్కడి షేర్ జీపు లాంటి బండి. అందులో టికెట్ ఉండదు. డబ్బు పక్కవాళ్ల చేతికిస్తే ఒకరినుంచి ఒకరికి డ్రైవర్ దాకా వెళ్తుంది. అప్పుడు అనాల్సింది: 'బాయద్ పో, దలవా' (డబ్బులండి, ఇద్దరికి). చిల్లర వెనక్కి రాకపోతే 'సుక్లీ కో పో?' అనండి. డ్రైవర్ దగ్గర తరచూ ఒక బోర్డు కనిపిస్తుంది: 'బర్యా లఙ్ పో స ఉమాగా', అంటే 'ఉదయం పూట చిల్లరే ఇవ్వండి'. పొద్దున్నే వెయ్యి పెసోల నోటు తీస్తే డ్రైవర్ మొహం చూడాల్సి వస్తుంది. 1, 5, 10, 20 పెసోల నాణేలు దగ్గరుంచుకోండి. 20కి నోటూ ఉంది, 2019 చివర్లో వచ్చిన నాణెమూ ఉంది.

ఎనిమిదో మెట్టు: ఎన్నో, ఎన్నోవాడు

వరస చెప్పడానికి మొదటిది ఊనా, తర్వాతవి 'పఙ్-' లేదా 'ఇక-' చేర్చి: పఙలవా (రెండోది), పఙత్లో (మూడోది), పఙ్-ఆపత్ (నాలుగోది). రాతలో, సభల్లో ఇకలవా, ఇకత్లో అంటారు. మాటల్లో 'పఙ్' చాలు.

ఇక్కడ తెలుగువాళ్లకు ఒక సుఖం ఉంది. "తోబుట్టువుల్లో నువ్వు ఎన్నోవాడివి?" అన్న ప్రశ్నను ఇంగ్లీషులో సూటిగా అడగలేం, చుట్టూ తిరగాలి. టగాలోగ్‌లో మనలాగే ఒక్క మాట ఉంది, పఙ్-ఇలాన్. 'పఙ్-ఇలాన్ క స మగ్కకపతిద్?' అని ఎవరైనా అడిగితే 'పఙలవా పో' అనేస్తే సరి. కుటుంబాల గురించి మాట్లాడుకోవడం అక్కడ మామూలు, ఈ ప్రశ్న మీకు తప్పకుండా ఎదురవుతుంది.

వయసు అడిగితే: 'ఇలాఙ్ తఓన్ క న?' జవాబు: 'బేంతే ఊనో న పో' (ఇరవై ఒకటండి).

సాధన ఎలా చెయ్యాలి

సొంత అంకెల్లో పది వరకు గట్టిగా వచ్చాక వెంటనే అతుకు పట్టండి, పదకొండుకు వెళ్లకండి. ఇంట్లో కనిపించినవన్నీ లెక్కపెట్టండి: ఆపత్ న బాసో (నాలుగు గ్లాసులు), లిమాఙ్ ప్లాతో (అయిదు ప్లేట్లు). 4, 6, 9 దగ్గర 'న' తడుముకోకుండా వచ్చేదాకా పదులు మొదలుపెట్టడం దండగ.

స్పానిష్ అంకెలకు గడియారమే మాస్టారు. ఫోన్‌లో టైమ్ చూసిన ప్రతిసారీ అలాస్ చేర్చి ఒకసారి పలికితే పన్నెండు వరకు ఊరికే వచ్చేస్తాయి. తర్వాత కిరాణా బిల్లు తీసుకుని ఒక్కో ధరను రెండు రకాలుగానూ చదవండి. 68 ఉందనుకోండి: ఆనిమ్‌నపూత్ వలో, సిసెంతాయ్ ఓత్సో. 94: సియామ్‌నపూత్ ఆపత్, నోబెంతాయ్ క్వాత్రో. వంద లోపు ధర విని రెండు క్షణాల్లో నోటు తీయగలిగితే బజారుకు సిద్ధమైనట్టే.

దవావోలో ఉండేవాళ్లకు

మన వైద్య విద్యార్థులు చాలామంది ఉండేది మిండనావో దీవిలోని దవావో నగరంలో. అక్కడ టగాలోగ్ అందరికీ అర్థమవుతుంది గానీ, వీధిలో ఎక్కువగా వినపడేది సెబువానో. దాన్ని బిసాయా అంటారు. దాని అంకెలు వేరు: ఉసా, దుహా, తులో, ఉపత్, లిమా, ఉనోమ్, పితో, వలో, సియామ్, నపూలో. సగం ఒకటే, సగం కొంచెం మారాయి. ధర అడగడానికి 'మగ్కానో' బదులు 'తగ్‌పిలా ని?' అంటారు. 'పిలా' అంటే అక్కడ ఎన్ని, ఎంత అని, టగాలోగ్‌లో క్యూ అని. క్యూలో నిలబడి ఉన్నప్పుడు ఈ మాట వినపడితే ఎవరు ఏ భాషలో అన్నారో చూసుకోవాలి.

స్పానిష్ అంకెలు మాత్రం మనీలాలోనూ దవావోలోనూ ఒకటే. దవావోకు వెళ్లబోయే పిల్లలు అయిదో మెట్టును ముందుకు జరిపి, సొంత అంకెల్లో పది రాగానే దాన్ని పట్టుకోవడం మంచిది. 'తగ్‌పిలా ని?' అని అడిగినా, 'మగ్కానో పో?' అని అడిగినా, పండ్ల బండి దగ్గర జవాబు 'సింక్వెంతా' అనే వస్తుంది.